బాకా జోన్స్ వెనకడుగు

ఎమ్రిస్ జోన్స్ గొంతు పైకి లేచిందంటే కాలు వెనక్కి పడుతుంది. గొంతు ఎంత పైకి పోతే కాలు అంత వెనక్కి. మెల్లగా మాట్లాడేటప్పుడు మాత్రం ముక్కుకి ముక్కు తగిలేంత దగ్గరికొస్తాడు. కోపం వచ్చిందా, గుమ్మం దాటి వీధిలో ఉంటాడు. అందుకే బ్రిన్‌గారెగ్ ఊళ్ళో ఆయనతో దెబ్బలాట పెట్టుకున్న ప్రతివాడూ గెలిచాడు. తిట్టు పూర్తయ్యేసరికి తిట్టేవాడు పక్కవీధికి చేరుకుంటే అవతలివాడు గెలవక ఏం చేస్తాడు?

ఊళ్ళో జోన్సులు నూట పదిమంది. పోస్టు జోన్స్, పాల జోన్స్, చచ్చిపోయాడనుకుని పెట్టెలో పెడుతుంటే లేచి కూర్చున్న రెండోసారి జోన్స్. ఎమ్రిస్‌ని మాత్రం బాకా జోన్స్ అన్నారు. అందులో వెక్కిరింపెంతో గర్వమూ అంతే. లండన్‌లో పాడి రికార్డులిచ్చిన మనిషి ఊరు మొత్తానికీ ఆయనొక్కడే.

ఆయన పాడిన రోజుల్లో మైకు లేదు. గోడలోంచి పెద్ద తగరపు బాకా ఒకటి పొడుచుకొచ్చి ఉండేది. దాని సన్నకొస అవతలి గదిలో మైనపు పళ్ళెం మీద గీతలు గీసే సూదికి తగిలించి ఉండేది. మెల్లని స్వరానికి బాకాలో తల దూర్చాలి, పైస్వరానికి వెనక్కి తగ్గాలి. తగ్గకపోతే సూది ఎగిరిపడి మైనం పాడవుతుంది. మొదట్లో ఎమ్రిస్ కోటు వెనకపట్టు పట్టుకుని లాగడానికి ఒక మనిషి ఉండేవాడు. రెండేళ్ళకి ఆ మనిషిని మానిపించారు. కాలే నేర్చేసుకుంది.

నిజానికి ఆ బాకా ముందు నిలబడాల్సింది ఎల్లిస్ ప్రిచర్డ్. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. బృందగానం నడిపే పారీ మాస్టారికి మరీ బాగా తెలుసు. రికార్డుల కంపెనీ మనిషి యంత్రం వేసుకుని ఊళ్ళోకొచ్చినప్పుడు పరీక్ష పెట్టింది మాస్టారి బళ్ళోనే. అప్పుడు ఎల్లిస్‌కీ ఎమ్రిస్‌కీ ఇరవై రెండేళ్ళు. ఇద్దరూ పైస్థాయిలో పాడే టెనర్లే. కానీ ఎల్లిస్ గొంతు ముందు ఎమ్రిస్ గొంతు, పొద్దుటి ఎండ ముందు లాంతరు. ఎల్లిస్ మూడుసార్లు పాడాడు. మూడుసార్లూ పైస్వరం దగ్గర సూది ఎగిరిపడింది.

"బాబూ, అక్కడికొచ్చేసరికి కాస్త వెనక్కి తగ్గు," అన్నాడు కంపెనీ మనిషి.

"తగ్గడమేంటండీ? అక్కడికి రావడానికే గదా మిగతా పాటంతా పాడింది!" అన్నాడు ఎల్లిస్.

ఎమ్రిస్ తగ్గమంటే తగ్గాడు. లండన్ వెళ్ళాడు. ఎల్లిస్ పలకరాయి గనికి వెళ్ళి, ఇళ్ళకప్పులకి పలకలు చీల్చే కొట్టంలో కూర్చున్నాడు. కొట్టంలో దుమ్ము ఎంత ఉండేదంటే పొద్దున నల్ల టోపీతో వెళ్ళినవాళ్ళు సాయంత్రం తెల్ల టోపీతో వచ్చేవాళ్ళు.

ఆ వెనకడుగు ఎమ్రిస్‌కి తిండి పెట్టింది. దాన్ని మించినదొకటి పోగొట్టింది. మొదటి సెలవులకి ఊరొచ్చి ఎన్నాళ్ళుగానో మనసుపడ్డ నెస్తాని రొట్టెల కొట్టు ముందు పట్టుకున్నాడు. "నెస్తా, నీతో ఒక మాట," అన్నాడు, చెవిలో చెప్పినట్టు దగ్గరగా. అక్కడిదాకా బాగానే ఉంది. అసలు మాట దగ్గర గుండె లేచింది, గొంతు లేచింది, కాలు బయల్దేరింది. "నన్ను పెళ్ళి చేసుకుంటావా?" అనేసరికి రోడ్డుకి అవతల ఉన్నాడు. మధ్యలోంచి గొర్రెల మంద ఒకటి వెళ్ళింది. మంద వెళ్ళిపోయాక చూస్తే నెస్తా లేదు.

"అడిగేవాడు పారిపోతుంటే నేనేం జవాబు చెప్పను తల్లీ?" అంది నెస్తా తర్వాత పారీ మాస్టారి భార్యతో. మరుసటి ఏడు ఎల్లిస్‌ని చేసుకుంది. ఎల్లిస్ అడిగినప్పుడు అంగుళం కదల్లేదట.

ఎమ్రిస్ పంతొమ్మిదేళ్ళు పాడాడు, తొమ్మిది పేర్లతో. ఒక్క గొంతునే అన్ని రకాల పాటలకీ అమ్మడం కంపెనీకి ఇష్టం లేక పేర్లు మార్చేది. స్కాట్లండ్ పాటలకో పేరు, దేవుడి పాటలకో పేరు, ఐర్లండ్ పాటలకి ప్యాట్రిక్ డన్లీ. ఈ డన్లీ అంటే మాంసం కొట్టు హంఫ్రీకి ప్రాణం. కొట్టులో గొర్రెతొడలకీ తూకపురాళ్ళకీ మధ్య గ్రామఫోను పెట్టుకుని వినేవాడు.

"ఒరే బాకా, ఏమనుకోకు. ఆ డన్లీ జోళ్ళు తుడవడానికి కూడా నువ్వు పనికిరావు," అనేవాడు ఎమ్రిస్ సెలవులకొచ్చినప్పుడల్లా.

"నిజమే హంఫ్రీ. ఆయన ముందు నేనెంత?" అనేవాడు ఎమ్రిస్, చేతిలో మాంసం పొట్లం పట్టుకుని.

తర్వాత మైకు వచ్చింది. మైకు ముందు గుసగుసలాడే కుర్రకారు వచ్చింది. ఎమ్రిస్‌ని కూడా పిలిచి ఒక పాట పాడించారు. పైస్వరం రాగానే మనిషి గది మూలకి పోయాడు. "అయ్యా, ఎక్కడికి వెళ్తున్నారు? ఎక్కువ తక్కువలు మేం చూసుకుంటాం, మీరు కదలకండి," అన్నారు. కదలకుండా పాడమంటే ఎమ్రిస్‌కి గొంతు రాలేదు. ఒక పెట్టె నిండా రికార్డులతో ఇంటికొచ్చాడు. రైల్లో సగం పగిలాయి. పగలనివి ఏ పేరుతో పాడినవో ఆయనకే గుర్తులేదు.

వచ్చి హోరేబు ప్రార్థనమందిరం బృందగానంలో చేరాడు. టెనర్ల ముందువరసలో ఎల్లిస్ పక్కన నిలబడతానన్నాడు. ఎల్లిస్ తలుపంత మనిషి. ఎమ్రిస్ ఆ తలుపు పక్కన ఆనించిన గొడుగులా ఉండేవాడు. పారీ మాస్టారు సంతోషించారు. ఆ సంతోషం మొదటి పైస్వరం దాకా ఉంది.

పైస్వరం రాగానే ఎమ్రిస్ వెనక్కి పోయాడు, పన్ను ఊడినట్టు వరసలో ఖాళీ పడింది. వెనకనుంచి "అమ్మో, నా కాలు!" అని హంఫ్రీ కేక. హంఫ్రీ మంద్రం పాడేవాళ్ళ వరస.

"మాస్టారూ, మీరే న్యాయం చెప్పండి," అన్నాడు హంఫ్రీ బూటు విప్పి వేలు చూపిస్తూ. "నేను నిలబడేది ఎల్లిస్ వెనక. వీడి వెనక కాదు. వీడి వెనకున్నవాడి కాలు తొక్కక నా కాలెందుకు తొక్కాలి?"

"బాకా ముందు అలవాటు హంఫ్రీ, మన్నించు," అన్నాడు ఎమ్రిస్.

అందరూ నవ్వారు. మాస్టారూ నవ్వారు. రెండేళ్ళపాటు హంఫ్రీ అదే ప్రశ్న అడిగాడు, రెండేళ్ళూ అందరూ నవ్వారు. ప్రశ్నలో ప్రశ్న ఉందని ఒక్కరికీ తట్టలేదు.

ఎమ్రిస్ తిరిగొచ్చేసరికే ఎల్లిస్‌కి దగ్గు పట్టుకుని ఉంది. గని డాక్టరు చూసి, దుమ్ము వల్ల ఏ హానీ లేదనీ, తప్పంతా మీరు మరగబెట్టి మరగబెట్టి తాగే టీదేననీ తేల్చాడు. ఎల్లిస్ టీ మానేశాడు. దగ్గు మాననే లేదు. మందిరం మెట్లెక్కుతూ మూడుచోట్ల ఆగి, కొండల్ని మెచ్చుకునే నెపంతో ఊపిరి తీసుకునేవాడు. కానీ పాటలో మాత్రం ఆ పైస్వరం ఎప్పటిలాగే అతని దగ్గర్నుంచి గంటలా లేచేది. "చూశారా, ఊపిరితిత్తులు పోయినా గొంతు పోలేదు. అదీ ఎల్లిస్ అంటే!" అనేవారు మాస్టారు. కళ్ళు మూసుకుని ముప్ఫై ఆరు గొంతుల్ని విడివిడిగా పోల్చగలనని ఆయనకి గొప్ప.

మాస్టారికి ఒక నియమం ఉంది. ఏటా జరిగే బృందగానాల పోటీకి వెళ్ళేముందు ఊపిరి నిలవనివాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టేస్తారు. సొంత తమ్ముణ్ణే కూర్చోబెట్టారు. ఎల్లిస్ ఆ బెంచీకేసి ఎప్పుడూ చూసేవాడు కాదు. "నన్ను దానిమీద కూర్చోబెట్టిన రోజున నేను మళ్ళీ మెట్లెక్కను నెస్తా," అన్నాడట ఇంట్లో. ముందువరసలో ఆ చోటు అతనికి ఇరవై ఏడేళ్ళుగా ఉంది. గని తీసుకోగా మిగిలింది అదొక్కటే.

ఆ ఏడు పోటీకి ఇంకా మూడు వారాలుంది. కిందటేడు న్యాయనిర్ణేత టెనర్ల వరసలో ఊడే పన్ను గురించి రాసిన మాట మాస్టారి గుండెలో ముల్లులా ఉంది. శనివారం మధ్యాహ్నం సాధనకి రాగానే ఎమ్రిస్‌ని పిలిచారు.

"నువ్వు వరస చివరికి వెళ్ళు. అక్కడ వెనక గోడ ఉంది. ఎలా అడుగేస్తావో చూస్తాను."

ఎమ్రిస్ దగ్గరికొచ్చాడు. ఇంకా దగ్గరికొచ్చాడు. మాస్టారి మీసాలకి అతని ఊపిరి తగిలింది. "వద్దు మాస్టారూ. నన్ను అక్కణ్ణుంచి కదపకండి. మీకు దణ్ణం పెడతాను."

"ఏమిటా మొండితనం? వెళ్ళు!"

వెళ్ళాడు. పాట మొదలైంది. పైస్వరం వచ్చింది. ఎమ్రిస్ వెనకడుగేశాడు, గోడకి తల కొట్టుకుంది. ఆ గోడ దగ్గర్నుంచే, ఎల్లిస్ స్వరం గంటలా లేచింది.

మాస్టారి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఎల్లిస్ తన చోట్లో నిలబడి ఉన్నాడు. నోరు బారెడు తెరిచి ఉంది. మెడనరాలు తాళ్ళలా ఉబ్బి ఉన్నాయి. ఆ నోట్లోంచి ఏమీ రావడం లేదు.

"ఇదేంటి?" అన్నాడు హంఫ్రీ వెనకనుంచి. "ఎల్లిస్ గొంతు అటెలా పోయింది?"

తలలు ఒక్కొక్కటీ తిరగడం మొదలెట్టాయి. ఇంకొక్క క్షణం ఆగితే అన్నీ ఎల్లిస్‌వైపు తిరిగేవి.

"హంఫ్రీ!" అని గర్జించారు పారీ మాస్టారు. "నువ్వు తప్పావు!"

తలలన్నీ హంఫ్రీవైపు తిరిగాయి.

"నేనా? నేనింకా నోరే తెరవలేదు కదండీ!"

"అదే తప్పు! ఎమ్రిస్, ఆ గోడ దగ్గర మోత సరిగా లేదు. వచ్చి నీ చోట్లో నిలబడు."

"మళ్ళీ నా కాలు..." అన్నాడు హంఫ్రీ.

"నీ కాలు నువ్వు చూసుకో!"

మళ్ళీ పాడారు. ఈసారి మాస్టారు కళ్ళు మూసుకోలేదు. బాకా ముందు మనిషి తిన్నగా వెనక్కి వెళ్తాడు. ఇక్కడ ఎమ్రిస్ వెనక్కి వెళ్ళి, ఒక అడుగు పక్కకి వేసి, ఎల్లిస్ వీపు వెనక దాక్కున్నాడు. ఎల్లిస్ నోరు తెరిచాడు. ఎల్లిస్ భుజం మీదుగా ఎమ్రిస్ పాడాడు. హంఫ్రీ కాలు ఎందుకు నలుగుతోందో మాస్టారికి రెండేళ్ళ తర్వాత అర్థమైంది. ముప్ఫై ఆరు గొంతుల్ని పోల్చే తన చెవుల్ని తనే పట్టుకుని గుంజాలనిపించింది.

సాధన అయ్యాక ఎమ్రిస్‌ని పాటల పుస్తకాల బీరువా పక్కకి లాగారు. "ఎన్నాళ్ళబట్టి?"

"నేనొచ్చిన మొదటి వారంనుంచీ," అన్నాడు ఎమ్రిస్ ముక్కుకి ముక్కు ఆనించి. "తొమ్మిది పేర్లతో పాడినవాణ్ణి, పదోది వాడి గొంతు. నేను లండన్ వెళ్ళాల్సిన మనిషిని కాను మాస్టారూ, మీకు తెలుసు. వాడికి మాత్రం తెలీదు, అది తన గొంతే అనుకుంటున్నాడు. చెప్పకండి."

మాస్టారు మాటిచ్చి బయటికొచ్చారు. ఎల్లిస్ మెట్ల మధ్యలో నిలబడి కొండల్ని మెచ్చుకుంటున్నాడు.

"మాస్టారూ," అన్నాడు మాట మాటకీ ఆగుతూ. "వాణ్ణి మళ్ళీ నా పక్కకి తెచ్చారు. మంచిపని చేశారు."

"అంటే... నీకు..."

"నా గొంతు నాలో లేదని నాకు తెలీదా? కానీ పాపం వాడికి బాకా పోయింది. తొమ్మిది పేర్లూ పోయాయి. పాడ్డానికి ఎవడో ఒకడి వీపు కావాలి. నాకేం పోయింది, నోరు తెరుస్తున్నాను." కాస్త నవ్వాడు, కాస్త దగ్గాడు. "ఎమ్రిస్‌కి చెప్పకండి. తను పాడేది నాకోసమే అనుకుంటున్నాడు."

పోటీలో రెండో బహుమతి వచ్చింది. ముందువరసలో తలుపంత ఉన్న నెరిసిన మీసాల పెద్దమనిషి గాత్రం అమోఘమని న్యాయనిర్ణేత ప్రత్యేకంగా రాశాడు. మాస్టారు ఆ కాగితం అందరి ముందూ చదివారు. ఎల్లిస్ ఎమ్రిస్‌కేసి చూడలేదు, ఎమ్రిస్ ఎల్లిస్‌కేసి చూడలేదు. ఇద్దరూ తమ జోళ్ళకేసి చూసుకున్నారు.

కొండమీద మంచు కరగకముందే ఎల్లిస్ పోయాడు. బెంచీ మీద ఒక్కరోజు కూడా కూర్చోలేదు.

అంత్యక్రియల రోజు నెస్తా ఒక్కటే అడిగింది. "మాస్టారూ, ఆయన చోట్లో ఇవాళ ఎవర్నీ నిలబెట్టకండి." పాట మొదలుపెట్టేముందు ఎమ్రిస్ మాస్టారి దగ్గరికొచ్చాడు.

"చివరిదాకా వాడికి తెలీలేదు మాస్టారూ. నాకు అదొక్కటే తృప్తి."

"తెలీలేదు," అన్నారు మాస్టారు. "అస్సలు తెలీలేదు! ఎలా తెలుస్తుంది?" అనేసరికి గొంతు లేచింది. చూసుకుంటే తనే రెండడుగులు వెనక్కి వేసి ఉన్నారు.

పాట సాగింది. పైస్వరం వచ్చింది. ఎమ్రిస్ ఎప్పటిలాగే వెనక్కి అడుగేసి, పక్కకి జరిగి, దాక్కోబోయాడు. దాక్కోవడానికి అక్కడ వీపు లేదు. రెండేళ్ళుగా ఎల్లిస్ దగ్గర్నుంచి లేచిన స్వరం ఇప్పుడూ అక్కణ్ణుంచే లేచింది, ఖాళీచోటు మీదుగా. ఊరంతా చూసింది. ఊరంతా విన్నది. పాడుతున్నవాళ్ళెవరూ పాట ఆపలేదు. నెస్తా చేతిరుమాలు పెదాలకి అడ్డం పెట్టుకుని, కళ్ళు ఎమ్రిస్ మీదే ఉంచింది.

హంఫ్రీ ఈసారి కేక వెయ్యలేదు. ఎమ్రిస్ అడుగు తీసి అడుగు పెట్టేలోపే, తన పెద్ద బూటుకాలు తనే ముందుకి జరిపి, అది పడేచోట సిద్ధంగా పెట్టాడు.

తర్వాత మందిరం వెనకగదిలో అందరూ టీ తాగుతూ ఎండుపళ్ళ రొట్టె తింటుంటే హంఫ్రీ కుంటుకుంటూ వచ్చాడు. చాలాసేపు రొట్టెముక్క నలిపాడు.

"ఒరే బాకా. నేనొకటి చెప్తాను, నవ్వకూడదు. ఇవాళ నువ్వు పాడినట్టు ఆ డన్లీ కూడా పాడలేడురా."

పారీ మాస్టారు టీకప్పు పట్టుకుని ఎమ్రిస్ మొహంలోకి చూశారు. ఆ డన్లీ తనేనని ఇప్పుడైనా చెప్తాడేమోనని.

"అబ్బే," అన్నాడు ఎమ్రిస్, హంఫ్రీ ముక్కుకి తన ముక్కు తగిలేంత దగ్గరికెళ్ళి. "ఆయన ముందు నేనెంత?"