ప్రభుదాసు గారి రెండో కళ్ళజోడు

పొద్దున్నే డ్యూటీకి బయల్దేరే ముందు వేలి కణుపులకు నొప్పి మందు రాసుకుంటున్నాను. గురుగ్రామ్‌లోని మా పదకొండో అంతస్తు కిటికీ బయట మంచు తప్ప ఇంకేమీ లేదు. ఆ కర్పూరం ఘాటుకి అందరికీ కళ్ళు మండుతాయి. నాకు కడుపు మండుతుంది. ఇదే ఘాటును వెంటబెట్టుకుని కెప్టెన్ ప్రభుదాసు గారు కాక్‌పిట్‌లోకి వచ్చేవారు. ఆయనకప్పుడు అరవై మూడేళ్ళు, పక్కసీట్లో కో-పైలట్‌గా కూర్చునే నాకు ఇరవై ఆరు. ఇప్పుడు నేనూ కెప్టెన్‌నే. నాకంటే అరక్షణం ముందు నా పొట్ట కాక్‌పిట్‌లోకి వస్తుంది, అంతే తేడా.

ఆయనది రేపల్లె దగ్గర ఊరు. సగం జీవితం వాయుసేనలో, మిగతా సగం ప్రయాణికుల విమానాల్లో గడిచింది. అవి విమాన కంపెనీలు కూరగాయలు కొన్నట్టు విమానాలు కొంటున్న రోజులు. ఎడమసీట్లో కూర్చోబెట్టడానికి కెప్టెన్లు దొరికేవారు కారు. అరవై అయిదేళ్ళ దాకా ఎగరొచ్చని నిబంధన మారగానే, ఇంట్లో పేపరు చదువుకుంటున్న పెద్దలందరినీ పిలిచి ఏడాది కాంట్రాక్టుల మీద పెట్టుకున్నారు. కుర్రాళ్ళం చాటుగా ఆయన్ని ‘తాతాజీ’ అనేవాళ్ళం. ఆ పేరు పెట్టిన ఘనుణ్ణి నేనే.

చదివే అద్దాలు వాడే పైలట్ రెండో జత కూడా వెంట ఉంచుకోవాలని నియమం. అందరూ దాన్ని బ్యాగులో పడేస్తారు. ప్రభుదాసు గారు మాత్రం సీటు బెల్టు పెట్టుకోగానే దాన్ని తీసి నా చొక్కా జేబులో పెట్టేవారు.

“ఎందుకు సర్, మీ దగ్గరే ఉంచుకోవచ్చుగా?” అన్నాను మొదటిసారి.

“నా రెండో కళ్ళు నీ దగ్గరుండాలబ్బాయ్. నాకు ఆనని రోజు నువ్వు చెప్పాలి.”

“మీకేం సర్, మీరు...”

“నాకు సోపు వెయ్యకు. ఆ పని ఇంట్లో మీ ఆంటీ కూడా చెయ్యదు. నాకొచ్చింది ఈ పనొక్కటే. వచ్చినన్నాళ్ళు చేస్తాను. రానిరోజు నువ్వు చెబితే దిగిపోతా. ఆఫీసోళ్ళ నోటెంట మాత్రం వినకూడదు. అర్థమైందా?”

అర్థమైందని తలూపాను. తలూపడంలో నన్ను మించినవాడు లేడు. పైలట్‌ని కదా, ఎత్తంటే భయం లేదు. పెద్దవాళ్ళ తప్పు ఎత్తిచూపడమంటేనే భయం.

ఆ చలికాలం ఢిల్లీలో మంచు కదలకుండా కూర్చుంది. దట్టమైన మంచులో దిగే శిక్షణ ఉన్నవాళ్ళు కంపెనీలో వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. అందులో ఈయనొకరు. రెండు నెలలపాటు తెల్లవారుజాము విమానాలన్నీ ఆయన నెత్తినే వేశారు. బిగుసుకుపోయిన వేళ్ళకు మందు రాసుకుంటూనే వచ్చేవారు. ఆఫీసులో ఎదురైనప్పుడల్లా మా బాస్ ఆయన చేతులు పట్టుకుని “సర్, ఆప్ తో హమారే భీష్మ్ పితామహ్ హైఁ” అనేవాడు. ఆ భీష్ముడికి అంపశయ్య కూడా వీళ్ళే సిద్ధం చేస్తున్నారని నాకు తట్టలేదు.

మార్చిలో, మంచు ఆనవాలైనా లేని ఒక మధ్యాహ్నం, హైదరాబాదు నుంచి ఢిల్లీ వస్తున్నాం. విమానం ఆయన నడుపుతున్నారు. వెనకగాలి తోసుకొస్తోంది. వెయ్యి అడుగుల ఎత్తుకు వచ్చేసరికి వేగం అదుపులో లేకపోతే దిగకూడదు, మళ్ళీ పైకి లేవాలి. ఆ మాట గట్టిగా చెప్పాల్సింది పక్కసీటువాడు. వేగం ఎక్కువుంది. చూశాను. ‘ఆయనకు తెలియదా!’ అనుకున్నాను. ఎనిమిది వందలు. ఏడు వందలు.

“సర్... కొంచెం... వేగం...”

“ఏం కొంచెం? మాట చెప్పు!”

“గో అరౌండ్!”

ఆ మాట నా నోట్లోంచి పూర్తిగా బయటపడకముందే ఆయన చెయ్యి కదిలింది. విమానం పైకి లేచింది. ఒక చుట్టు తిరిగి దిగాం. పెరుగన్నం మీద ఆవకాయ పెట్టినంత మెత్తగా దించారు.

ఇంజన్లు ఆపాక నావైపు తిరిగారు. “తప్పు నాది. ఆలస్యం నీది. నీ మర్యాద పాడుగాను, ఎనకాల నూట యాభై మందిని పెట్టుకుని మర్యాదలేంట్రా నీకు?” ఆయన అంత కోపంగా మాట్లాడడం అదే మొదలు, అదే ఆఖరు.

నివేదిక ఆయనే రాశారు. మొదటి వాక్యం ఉంది: తప్పు నాది. రెండోది రాయలేదు. ఆ నెలలోనే నాకు కెప్టెన్ ప్రమోషన్ పరీక్ష ఉందని ఆయనకు తెలుసు.

వారం తర్వాత నన్ను ఆఫీసుకు పిలిచారు. అప్పటికి విదేశాల నుంచి నలభై ఏళ్ళ కెప్టెన్లు వచ్చి చేరారు. బాస్ టీ తెప్పించి, బిస్కెట్ల ప్లేటు నావైపు జరిపి అడిగాడు: “బేటా, అంకుల్ స్లో హో గయే హైఁ నా? చెప్పడానికి లేటయ్యావా నువ్వు, లేక చెప్పాక ఆయన లేటయ్యాడా?” సమాధానం సగం తనే రాసిపెట్టుకున్న ప్రశ్న అది. “ఆలస్యం నాది సర్” అంటే సరిపోయేది. మూడు మాటలు. నేను బిస్కెట్ తీసుకున్నాను. “అచ్ఛా, ఠీక్ హై” అని అతను ఏదో రాసుకున్నాడు. నా మౌనానికి అక్షరాలు అతనే సమకూర్చాడు. ఆ వేళ నా జేబులో, తిరిగివ్వడం మర్చిపోయిన ఆయన రెండో కళ్ళజోడు ఉంది.

మంచు విడిపోయింది, ఆయన్నీ విడిచిపెట్టారు. మంచున్నంతకాలం అనుభవం అన్నదాన్నే, మంచు పోయాక వయసు అన్నారు. ఇంకో ఏడాదిన్నర ఎగరగలిగిన మనిషికి కాంట్రాక్టు పొడిగించడం లేదని రెండు వాక్యాల ఈమెయిలు పంపారు. నేను ఈ పేరాలో వాళ్ళనే తిడుతున్నానని మీరు గమనించే ఉంటారు. బిస్కెట్ తిన్నవాణ్ణి తిట్టడం కష్టం. అద్దంలో ఎదురుగా ఉంటాడు.

కళ్ళజోడు ఇచ్చేద్దామని ఢిల్లీ ద్వారకాలో వాళ్ళ ఫ్లాటుకి వెళ్ళాను. తలుపు తీసింది ఆయన భార్య గ్రేసమ్మ ఆంటీ. నర్సుగా ముప్ఫయ్యేళ్ళు చేసిన మనిషి, ఎదుటి మనిషి నొప్పి చూడకుండా సూది పొడవగలదు.

“రా బాబూ. ప్రమోషనొచ్చిందంటగా. ఏం అడిగారు నిన్ను, ఏం చెప్పావు?”

“ఏమీ చెప్పలేదాంటీ.”

“అదే అనుకున్నాం.”

లోపల్నుంచి ఆయన వచ్చారు. వేళ్ళకు అదే మందు. “ఊరుకో గ్రేసూ, టీ పెట్టు” అన్నారు. నేను జోడు అందించాను. తీసుకోలేదు. “ఇక నాకు ఒక జత చాల్లే. పేపరే కదా చదివేది.” ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే ఈపాటికి నేనే తిరిగి తిట్టుకుని మర్చిపోయేవాణ్ణి. ఆ పని చెయ్యకుండా నాకు టీ పోసినందుకు, నా తప్పును తన నివేదికలో దాచినందుకు, ఆయన మీదా నాకు కోపమే. ఆయన పోయి తొమ్మిదేళ్ళయినా తగ్గలేదు.

ఇవాళ నా పక్కసీట్లో కూర్చునేది నోయిడా నుంచి వచ్చే ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి. బెల్టు పెట్టుకోగానే నా రెండో జత తన చేతికిస్తాను. “ఇవెందుకు సర్?” అంటుంది. చెబుతాను. అన్నీ చెబుతాను, బిస్కెట్ సంగతి తప్ప. అదింకా నోటికి రాదు.

ఆయన జత నా బ్యాగులోనే ఉంటుంది. పోయిన నెల ఎందుకో పెట్టుకుని చూశాను. సరిగ్గా నా నంబరే.