వడ్లు తిప్పిన రేసు బండి

‘‘మీ అత్త పోయింది బిడ్డా’’ అని మొన్న పొద్దున బాపు ఫోన్ చేశాడు. నిద్రలోనే ప్రాణం పోయిందట. మా మేనత్త చప్పుడు చేయకుండా చేసిన పని బహుశా అదొక్కటే. ఏడుస్తూనే చొప్పదండి బస్సెక్కాను గానీ, ఊరు దగ్గరపడేసరికి నవ్వొచ్చింది. ఆమెను తలుచుకుంటూ ఎక్కువసేపు ఏడవడం కష్టం.

చిన్నప్పుడే పోలియో ఆమె రెండు కాళ్లనూ పట్టుకుంది. ‘‘అయ్యో, కాళ్లు లేకపాయె’’ అని ఎవరైనా జాలిపడితే, ‘‘ఉన్నయి గదా! పనికి పెట్టలే, గంతే’’ అనేది. ముప్పై దాటాక కరీంనగర్ కోచ్ ఒకాయన ఆమె చేతుల బలం చూసి, చక్రాల కుర్చీ పరుగు పందేలకు వాడే మూడు చక్రాల బండి ఇప్పించాడు. ముందు చక్రం బారెడు దూరాన ఉంటుంది. గ్లౌజులు తొడుక్కున్న చేతులతో వెనక చక్రాలను కొడుతూ పోవాలి. ఊళ్లో చాలామంది అది విత్తనాలు పెట్టే మిషన్ అనుకున్నారు.

రోజూ తెల్లవారగానే ఆమె రోడ్డు మీద, నేను ఆమె వెనక స్కూటీ మీద. ఒళ్లు చెమట పట్టకపోతే ఇంటికొచ్చి చాయ్ ముట్టేది కాదు. ‘‘కమాయించంది తాగొద్దు’’ అనేది, చాయ్‌ని కూడా చెమటతో సంపాదించుకోవాలన్నట్టు. పని చూసి భయపడే గుణం నాకు పోయిందంటే ఆమె పుణ్యమే.

ఆ ఏడు హైదరాబాద్‌లో రాష్ట్ర పోటీలు. అందులో గెలవకపోతే బండి మరొకరికి ఇవ్వక తప్పదని కోచ్ ముందే చెప్పాడు. పోటీలు వచ్చింది సరిగ్గా యాసంగి కోతలప్పుడు. ఆ రోజుల్లో మా వైపు సగం రోడ్డు మీద వడ్లు, మిగతా సగంలో బస్సులు, లారీలు. తేమ ఉంటే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు కాబట్టి రైతులు వడ్లు ఎండబోసి, కాళ్లతో చాళ్లు తీస్తూ పొద్దంతా తిప్పుతారు.

ఓ పొద్దున ఎదురుగా బస్సొస్తే అత్త తప్పుకోబోయి, పక్కింటి కాక వడ్లలోంచి దూసుకుపోయింది. కాక లేచి, ‘‘ఏందే గిది! వడ్లన్ని ఆగం జేస్తివి!’’ అని అరిచాడు. అత్త బండి ఆపి వెనక్కి చూసింది. వడ్లలో తిన్నగా మూడు చాళ్లు.

‘‘ఆగం కాలే కాకా, తిప్పిన. నీ కాళ్లు నొస్తున్నయి గదా, రోజు నేనే తిప్పుత. అంచుకు జరంత బాట నాకిడువు.’’

కాక చాళ్లను చూశాడు, తన మోకాళ్లను చూసుకున్నాడు, ఒప్పుకున్నాడు.

ఆ ఒప్పందమే కొంప ముంచింది. సంగతి తెలిసి మిగతా రైతులు కూడా తమ వడ్లు తెచ్చి ఆమె దారిలోనే పోశారు. ‘‘మావి గూడ జర తిప్పు బిడ్డా, నీకు పుణ్యముంటది!’’ ఆమెకని వదిలిన అంచు కూడా నిండిపోయింది. వడ్లలో బండి కదలదు, భుజాలు ఒకటే సలుపు. ‘‘గిట్లయితే బండి పోతదే’’ అని ఒకరోజు కళ్లనీళ్లు పెట్టుకుంది. వద్దని చెప్పెయ్యమంటే మాత్రం నా మీదే లేచింది. ‘‘ఎండకపోతే ఆళ్లెట్ల అమ్ముకుంటరే?’’ పోటీల ముందు రోజు దాకా అందులోనే ఈడ్చింది.

స్టేడియంలో తుపాకీ పేలింది. వడ్లలో బండి లాగిన చేతులకు ఆ ట్రాక్ ఒక లెక్క కాలేదు. అందరికన్నా ముందు గీత దాటింది. అరిచి అరిచి నా గొంతు పోయింది. ఆ తర్వాత ఆమె చాలా ఊళ్లలో పందేలు ఆడింది, చాలాసార్లు ఓడింది కూడా. ఓడిన రోజైనా బిర్యానీ తినకుండా రైలెక్కేది కాదు. నాకు మాత్రం ఎప్పుడూ ఆ మొదటి గెలుపే గుర్తొస్తుంది. ఎందుకంటే, గీత దాటాక ఆమె ఆగలేదు.

పతకం పట్టుకుని పెద్దలు నిలబడ్డారు. కోచ్ ట్రాక్ అంచున ఉరుకుతూ, ‘‘అమ్మా, గెలిచినవ్! అయిపోయింది, ఆగు!’’ అంటున్నాడు.

‘‘జర ఆగుండ్రి సారూ!’’ అని అత్త కేక వేసింది. ‘‘వడ్లు లేని బాట గిప్పుడే దొరికింది!’’

మిగిలిన కుర్చీలన్నీ పక్కకు తప్పుకున్నాయి. ఖాళీ ట్రాక్ మీద ఆమె ఒక్కతే, పెద్దగా నవ్వుకుంటూ, ఇంకో చుట్టుకు మలుపు తిరిగింది.