చాయ్ మానేసిన పోచన్న

ఆర్మూరు పసుపు మార్కెట్లో చాయ్ వద్దన్నవాణ్ని మనిషి కింద జమకట్టరు. అలాంటి చోట పోచన్న మూడు నెలల పాటు చాయ్ ముట్టకుండా ఉన్నాడంటే, బిడ్డ కోసం అతను ఎంత అల్లాడిపోయాడో మీరే అర్థం చేసుకోండి.

దత్తాత్రి సేటు గోదాములో పసుపు కొమ్ములను నునుపు చేసే డ్రమ్ము దగ్గర అతని పని. దుమ్మంతా గొంతులోకే పోయేది. ఉమ్మితే పచ్చగా పడేది. రోజుకు పది పన్నెండు చాయ్‌లు పడితే తప్ప గొంతు సాఫయ్యేది కాదు.

పెళ్లయి తొమ్మిదేళ్లు దాటినా పిల్లల్లేరు. ఊరంతా భార్య వినోదనే వేలెత్తి చూపింది. అందరికంటే ముందు చూపింది పోచన్న తల్లి నీలవ్వ. గొడ్రాలనే మాట ఆ ఇంట్లో ఉప్పూ కారంలా వాడుకైపోయింది.

2006 ఎండాకాలంలో నిజామాబాద్‌లో ఒక డాక్టరు ఇద్దరికీ పరీక్షలు చేసి, లోపం వినోదలో లేదని తేల్చాడు. పోచన్న రక్తంలో మగ హార్మోన్ మూడు వందలు దాటాలట, రెండు వందల నలభై దగ్గరే ఆగింది.

"దినాం పన్నెండు చాయ్‌లా? చాయ్‌తోనే తగ్గిందని చెప్పలేను గానీ, జర తగ్గించు. మూడు నెలలకు మళ్ల చూద్దాం" అన్నాడు డాక్టరు.

తగ్గించమంటే పోచన్న పూర్తిగా మానేశాడు. తప్పంతా మోపడానికి మనిషికి ఏదో ఒకటి దొరకాలి కదా! "ఏందిరో పోచన్నా, ఉపాసముంటున్నవా?" అని హమాలీలు ఆటపట్టిస్తే నవ్వేసి మళ్లీ డ్రమ్ము వైపు తిరిగేవాడు.

సంగతి తెలిశాక నీలవ్వ నోరు పడిపోయింది. కోడల్ని అన్న మాటలన్నీ ఆమెకే తిరిగి తగిలాయి. చేతనైంది ఒక్కటే చేసింది. రోజూ పొద్దున కొడుక్కి ఒక గ్లాసు ఇచ్చే అతిమధురం కషాయాన్ని ఐదు గ్లాసులు చేసి, ఫ్లాస్కులో పోసి గోదాముకు కూడా పంపేది. ఆమె పెనిమిటి ఇదే దుమ్ముకు ఊపిరితిత్తులు చెడి నలభై నిండకముందే పోయాడు. కొడుకును ఈ అతిమధురం వేరు కషాయమే కాపాడుతోందని ఆమె గట్టి నమ్మకం. చెట్టు వేరుతో చెడేముంటుందిలే అనుకున్నాడు పోచన్న కూడా. పైగా తియ్యగా ఉండేది.

మూడు నెలల తర్వాత వినోదతో మళ్లీ వెళ్లి పరీక్ష చేయించుకుంటే నూట తొంభై వచ్చింది.

"చాయ్ సుక్క గూడ ముట్టలే సార్, అవ్వతోడు!" పోచన్న దాదాపు అరిచాడు.

"మరి దానికి బదులు ఏం తాగుతున్నవ్?"

"ఏం లేదు సార్. మా అవ్వ చేసే అతిమధురం కషాయం, గంతే. దినాం ఐదు గ్లాసులు."

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. ఆ వేరు ఎక్కువైతే ఈ హార్మోన్ తగ్గొచ్చని కొందరంటారని, ఇంకా గట్టిగా తేలిన సంగతి కాదని, ఏదేమైనా ముందు ఆపి చూడాలని చెప్పాడు.

"ఎన్నేండ్ల సంది తాగుతున్నవ్?"

"దినాం ఒక గ్లాసైతే దుమ్ము పని పట్టినప్పటి సంది సార్. పదిహేనేండ్లాయె."

తిరుగు బస్సులో ఆర్మూరు వస్తుండగా వినోద మెల్లగా అడిగింది. "అత్తమ్మకు ఏం చెప్తం?"

పోచన్నకు దుఃఖం ముంచుకొచ్చింది. ఏమని చెబుతాడు? డాక్టరు ఏదీ ఖాయంగా అనలేదని ఎంత మొత్తుకున్నా అవ్వ వినదు. తను చాయ్‌ను పట్టుకున్నట్టే ఆమె ఈ మాటను పట్టుకుంటుంది. నా చేతులతో నేనే కొడుకు వంశం ఆర్పేశానని కుమిలి కుమిలి చస్తుంది. చెప్పకపోతే ఐదు గ్లాసులూ తప్పవు. ఎటు చూసినా దారి లేదు.

నీలవ్వ గడపలోనే ఎదురైంది. చేతిలో పొగలు కక్కుతున్న గ్లాసు.

"ఏమన్నడు కొడుకా? నా కషాయం పట్టిందా?"

అలవాటుకొద్దీ పోచన్న చెయ్యి దానంతటదే చాచుకుంది. గ్లాసు పెదవుల దాకా వచ్చింది. వినోద చటుక్కున లాక్కుని గటగటా తాగేసింది. నాలుక కాలి ఆమె కళ్లనిండా నీళ్లు తిరిగాయి.

"బస్సుల దుమ్ముకు గొంతు పట్టేసింది అత్తమ్మా" అంది.

తొమ్మిదేళ్లలో మొదటిసారి నీలవ్వ కోడలి తల నిమిరింది.

"అయ్యో, జెప్పద్దా పిల్లా" అంటూ, కొడుక్కి ఇంకో గ్లాసు కాచడానికి పొయ్యి దగ్గరికి నడిచింది.