నిలువు నీళ్ళు

మా నాన్న తన జీవితంలో ఒక్కటే అబద్ధం చెప్పాడు. అదీ నిజమనుకునే చెప్పాడు. పదకొండేళ్ళ పాటు చెప్పాడు.

ఆయన గురజాలలో మిషన్ బడి మాస్టారు. భూగోళం పాఠంలో ఎక్కడో మంచుదేశంలో నేలలోంచి వేడినీళ్ళు చిమ్ముకొస్తాయని ఉండేది. ఆ పాఠం వచ్చినప్పుడల్లా నాన్న పుస్తకం మూసి, "అంత దూరం ఎందుకు? మన అడవి అంచున బుగ్గ ఉంది. నేలలోంచి నిలువెత్తు నీళ్ళు లేస్తాయి" అనేవాడు. ఆ బుగ్గను ఆయన చూడలేదు. మంచుదేశాన్నీ చూడలేదు గనక ఆయనకు అందులో తప్పేమీ కనిపించలేదు. నేనూ ఆ క్లాసులో కూర్చున్నదాన్నే. పరీక్షలో "నిలువెత్తు నీళ్ళు లేస్తాయని మా నాన్న అన్నారు" అని రాస్తే సగం మార్కులు కోశాడు.

యుద్ధం అయిపోయినా పెట్రోలు ఇంకా కూపన్ల మీదే దొరుకుతున్న రోజుల్లో, స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు సరిగ్గా ఆ పాఠం నడుస్తుండగా క్లాసులోకి వచ్చాడు. నిలువెత్తు నీళ్ళనగానే ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. జంతువులు కూడా ఉంటాయా అని అడిగాడు. అప్పటికే ఊపులో ఉన్న నాన్న, "జింకలు, నెమళ్ళు, చిరుతపులి కూడా సార్" అన్నాడు. "అయితే వచ్చే శనివారం కాక ఆపై శనివారం మా ఆవిడను తీసుకొస్తాను, చూపించండి" అని ఆయన వెళ్ళిపోయాడు.

నాన్న ఇంటికొచ్చి రెండు చెంబుల నీళ్ళు తాగాక విషయం బయటపెట్టాడు.

"చూడనిదాన్ని చూపిస్తానని ఎట్టా ఒప్పుకున్నారండీ?" అంది అమ్మ.

"పిల్లలకు ఏటా చెప్తున్నాగా."

"పిల్లలు చూపించమనరు. ఆయన కారేసుకొని వస్తాడు."

అలా మేం ముందు శనివారమే బుగ్గ చూడ్డానికి బయల్దేరాం. పేరుకు వనభోజనం. నిజానికి నాన్న మాట నిలబడుతుందో లేదో చూసుకోవడం. ఎద్దులబండి పక్కింటి బాబాయిది, తోలిందీ ఆయనే. నాయనమ్మ అందరికన్నా ముందు ఎక్కి కూర్చుంది. ఆమె పుట్టినూరు అటువైపే. బుగ్గ గురించి నాన్నకు చిన్నప్పుడు చెప్పిందీ ఆమే.

తొలికోడి కూసినప్పుడు కదిలాం. మా వైపు నేలంతా నాపరాళ్ళు. రెండు కోసులు దాటేసరికి నా ఒంట్లో ఎముకలెన్నో పుస్తకం చూడకుండా చెప్పగలిగాను. పొలాలు అయిపోయి తుప్పలు మొదలవగానే నాన్న గొంతు తగ్గించాడు.

"మాట్లాడకండి. చిరుత ఉండొచ్చు."

"చిరుతుంటే నా ఎద్దులు ముందు చెప్తయ్ అన్నా" అన్నాడు బాబాయి. "ఇయ్యి నడుస్తానే నిద్రపోతన్నయ్."

కాసేపటికి ఒక కుందేలు దారి దాటింది. నాన్న దాన్ని గౌరవంగా చూశాడు. తర్వాత బండ మీద ఎండ కాచుకుంటూ ఒక ఉడుము కనిపించింది, మూరెడు పైనే ఉంటుంది.

"ఎంత బలిసిందో చూడరా" అంది నాయనమ్మ. "ఐదుగురికీ సరిపోద్ది."

"అమ్మా, అది వన్యమృగం."

"మరి నేనేమన్నా? ఊళ్ళోది కాదనేగా!"

జింకలు మాత్రం నిజంగానే వచ్చాయి. ఏడో ఎనిమిదో. ఎండిన గడ్డిలో నిలబడి మమ్మల్ని చూశాయి. బాబాయి ఎద్దుల్ని ఆపాడు. వాటిలో ఒకటి చెవి విదిలించింది. తర్వాత ఏ తొందరా లేకుండా, పని గుర్తొచ్చినట్టు, ఒకదాని వెనక ఒకటి వాలు దిగిపోయాయి. అవి కనబడ్డంతసేపూ నాకు అనడానికి ఏమీ దొరకలేదు. అమ్మ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది, జ్వరమేమోనని.

ఎండ ముదిరే వేళకు బుగ్గ చేరాం. రెండు నేరేడు చెట్ల కింద, రాళ్ళ మధ్య, గుండ్రటి మడుగు. నాన్న బండి దిగి ముందు పైకి చూశాడు. నేరేడు కొమ్మలు కనిపించాయి. కాస్త కిందికి చూశాడు. రాళ్ళు కనిపించాయి. అలా దించుకుంటూ దించుకుంటూ, గడ్డం రొమ్ముకు ఆనాక, ఆయనకు నీళ్ళు కనిపించాయి. అడుగున ఇసక మెల్లగా కదులుతోంది. అన్నం ఉడుకు పట్టబోయే ముందు ఎసరు మీద వచ్చినట్టు నాలుగు బుడగలు పైకొచ్చి పగిలాయి. అంతే.

చెయ్యి పెట్టి చూశాడు. వేడి కూడా లేదు.

"చప్పట్లు కొడితే పొంగుద్దంటారు అన్నా" అన్నాడు బాబాయి జాలిగా.

కొట్టాం. అమ్మ కూడా కొంగు నడుముకు దోపి కొట్టింది. నాలుగు బుడగలు వచ్చాయి. కొట్టకముందూ నాలుగే వచ్చాయని నాన్నకు చెప్పకూడదనుకున్నాను. చెప్పాను.

నాన్న నాయనమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, నిలువు నీళ్ళన్నావే!"

"ఉన్నయ్ గదరా."

"ఎక్కడ?"

"ఏందిరా ఎక్కడ? అందులోనే. దిగితే నీ నెత్తి మునుగుద్ది. బుగ్గలో నిలువు నీళ్ళుంటయ్, అటెళ్ళబాకరా, చస్తావని చెప్పా. నువ్వు బాయి లోతు ఎట్టా చెప్తావు? రెండు నిలువులు, మూడు నిలువులనవూ? నిలువంటే కిందికిరా నాయనా! పైకని నీకెవడు చెప్పాడు?"

ఆమె లోతు చెప్పింది, ఆయన ఎత్తు విన్నాడు. అటు వెళ్ళొద్దన్న మాట ఒక్కటి మాత్రం తు.చ. తప్పకుండా ఇన్నేళ్ళూ పాటించాడు.

జొన్నరొట్టెలు, గోంగూర పచ్చడి విప్పుకొని కూర్చున్నాం. నాన్న రొట్టె తుంచి చేతిలోనే పట్టుకున్నాడు. "ఆయన ముందు ఏం మొహం పెట్టుకోను?" అన్నాడు.

"వానాకాలంలోనే లేస్తయ్యని చెప్పన్నా" అన్నాడు బాబాయి. "వానాకాలం ఎట్టాగూ ఆ కారు ఈ దారిన రాదు."

"నాకు జ్వరమని చెప్పండి" అంది అమ్మ.

"నిన్నటిదాకా లేచాయి, ఇవాళే పడుకున్నాయని చెప్పు" అన్నాను నేను.

"ఏమే, మీ నాయన ఉసూరుమంటంటే నీకు ఎకసెక్కాలా!" అని నాయనమ్మ నా వీపు మీద ఒకటేసింది. తర్వాత కొడుకు వైపు చూసి, "తినరా. నీళ్ళు మంచియ్యి, తాగు" అంది.

నాన్న వంగి దోసిలితో తాగాడు. మళ్ళీ తాగాడు. ఆ తర్వాత మడుగులో కాళ్ళు పెట్టుకొని, ఎండ వాలేదాకా బుడగల్ని చూస్తూ కూర్చున్నాడు. మేమూ కూర్చున్నాం. తొందర పెట్టే పని ఎవరికీ లేదు. తిరిగి వస్తుంటే ఒక నెమలి కనిపించింది. "నెమలి" అన్నాడు నాన్న. దారి పొడుగునా ఆయన అన్న మాట అదొక్కటే.

ఆ పై శనివారం కారు బడి ముందు ఆగింది. మజ్జిగ గ్లాసులతో నేను అరుగు మీద నిలబడి ఉన్నాను. ఇన్‌స్పెక్టరు ఒక కాలు కింద పెట్టాడో లేదో, నాన్న ఎదురెళ్ళి చేతులు కట్టుకున్నాడు.

"సార్, నీళ్ళు లేవవు. నేను చూడకుండా చెప్పాను. పోయిన వారం వెళ్ళి చూసొచ్చాను. నాలుగు బుడగలు వస్తాయి. చిరుత కూడా లేదు."

ఇన్‌స్పెక్టరు కారు తలుపు పట్టుకొని అలాగే ఉండిపోయాడు. లోపల ఆయన భార్య చెంగుతో విసురుకుంటోంది. గ్లాసులు ఒలికిపోకుండా చూసుకోవడమొక్కటే నాకు మిగిలిన పని.

"ఇంతదూరం వచ్చాక చెబుతున్నారా మాస్టారూ!" అన్నాడు ఆయన.

"మీరు రాకముందు క్లాసులో చెప్పొచ్చాను సార్. పిల్లలకు పదకొండేళ్ళుగా బాకీ."

లోపలినుంచి ఆవిడ, "లేవకపోతే పోనీండి. చల్లగా ఉంటాయా, అడగండి" అంది.

ఇన్‌స్పెక్టర్ల ముందు పుస్తకభాష తప్ప మాట్లాడి ఎరగని మా నాన్న, "చానా చల్లగుంటయ్యమ్మా" అన్నాడు.