నేను అడగని పద్నాలుగు ప్రశ్నలు

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడు వేసవి. ఐర్లండ్‌లోని కార్క్‌లోని ఒక ఆసుపత్రి న్యూరాలజీ విభాగంలో నర్సుగా చేరి అప్పటికి పదకొండేళ్లయింది. ఇంటికి పంపిన రోగులకు ఫోన్ చేసి ఎలా ఉన్నారో కనుక్కోవడం నా పనుల్లో ఒకటి. అందుకో పద్నాలుగు ప్రశ్నల చెక్‌లిస్ట్ ఉండేది. నిద్ర పడుతోందా, పేర్లు గుర్తుంటున్నాయా, ఎవరి మీదైనా కొత్తగా అనుమానం కలుగుతోందా, ఇలాంటివి. ఐరిష్ రోగుల్ని ఒక్క ప్రశ్న కూడా వదలకుండా విసిగించేదాన్ని.

రాఘవది వరంగల్. ఊరి పక్కనున్న రింగాస్కిడీలో ఒక మందుల ఫ్యాక్టరీలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. హెర్పిస్ వైరస్ మెదడుకు చేరి వాపు తెచ్చింది. దాన్ని ఎన్‌సెఫలైటిస్ అంటారు. మూడు వారాలు నరంలోకి మందెక్కించాక వైరస్ పోయింది, తన కాళ్లమీద తనే నడిచి ఇంటికెళ్లాడు. ఆ తర్వాత నాలుగో వారంలో ఫోన్ చేశాను. మనవాడన్న సంతోషం నాది. తిన్నావా, మీ ఆవిడ ఎలా ఉంది, వానలకు అలవాటు పడ్డారా అని అడిగాను.

"గ్రాండ్, అక్కా, అంతా మంచిగనే ఉంది," అన్నాడు, బాగున్నాననడానికి ఇక్కడివాళ్లు వాడే మాటతో.

మనవాణ్ణి పట్టుకుని పేర్లు గుర్తుంటున్నాయా అని ఏం అడుగుతాంలే అనుకున్నాను. పద్నాలుగుకు పద్నాలుగూ టిక్కులు కొట్టేశాను.

పది రోజులకు అతని భార్య స్వప్న ఏడుస్తూ ఫోన్ చేసింది. "అక్కా, ఈయన వారం సంది నిద్రపోతలేడు. అన్నంల ఏందో కలిపిన అని నన్ను అనుమానిస్తుండు." ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆందోళన అని నిద్రమాత్రలు ఇచ్చారట. వెంటనే ఎమర్జెన్సీకి తీసుకురమ్మన్నాను.

నా భయానికి కారణం ఉంది. వైరస్ పోయినా కొందరిలో రోగనిరోధక శక్తి శాంతించదు. దెబ్బతిన్న మెదడు కణాల్నే శత్రువులనుకుని, వాటి మీదికి యాంటీబాడీలను, అంటే ఒంటి సొంత సైన్యాన్ని, పంపుతుంది. దొంగ పారిపోయాక కాపలావాడు ఇంటివాళ్లనే కొట్టినట్టు. త్వరగా కనిపెడితే మందుంది. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి పోవచ్చు, ఒక్కోసారి ప్రాణమే పోవచ్చు.

వాళ్లు వచ్చేసరికి నేనూ ఎమర్జెన్సీకి వెళ్లాను. డ్యూటీ డాక్టర్ ఫైలు తెరిచి నా వైపు తిప్పాడు. పది రోజుల కిందట అన్నీ బాగున్నాయని మీరే రాశారు కదా, స్కాన్‌లో కొత్తగా ఏమీ లేదు, ఇది ఇంటి గొడవలా ఉంది, మానసిక వైద్యులకు చూపిద్దాం అన్నాడు. ఆయన తప్పేం లేదు. నేను సంతకం పెట్టిన కాగితమే రాఘవకు అడ్డం పడింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఉద్యోగం మీదికి వస్తుందని భయపడి, ఒక్క నిమిషం నోరు మూసుకుందామనుకున్న మాట కూడా నిజం.

ఆ నిమిషం గడిచాక ఫైలు తీసుకుని అక్కడే నిలబడి రాశాను. ఆ రోజు ఈ ప్రశ్నలేవీ నేను అడగలేదు, టిక్కులు నమ్మవద్దు అని. కింద సంతకం పెట్టి, టైము వేశాను.

"ఇప్పుడు అడుగుదాం డాక్టర్, ఆమెనే అడుగుదాం," అన్నాను.

స్వప్నను పద్నాలుగూ అడిగాం. పదకొండింటికి వచ్చిన జవాబులు మంచివి కావు. డాక్టర్ లంబార్ పంక్చర్‌కు, అంటే నడుము దగ్గర సూదితో వెన్నునీరు తీయడానికి, ఒప్పుకున్నాడు. యాంటీబాడీ పరీక్ష కూడా రాయమని పట్టుబట్టాను. రాసేదాకా గదిలోంచి కదల్లేదు.

వెన్నునీటిలో వైరస్ లేదు. యాంటీబాడీలు ఉన్నాయి. ఆ సైన్యాన్ని అణచడానికి స్టీరాయిడ్లు మొదలుపెట్టారు. రాఘవ కుదుటపడటానికి తొమ్మిది నెలలు పట్టింది. ఆ వేసవి అతనికి ఇప్పటికీ గుర్తులేదు. పైవాళ్లు నన్ను పిలిచి విచారించి హెచ్చరిక కాగితం ఇచ్చారు. మారుమాట్లాడకుండా తీసుకున్నాను.

తర్వాత క్లినిక్‌కు వచ్చినప్పుడు స్వప్నతో జరిగింది చెప్పి క్షమించమన్నాను. ఆమె గొంతు తగ్గించి చెప్పింది.

"ఆ దినం ఫోన్ స్పీకర్ల పెట్టిండు. నేను పక్కనే కూసున్నక్కా. అప్పటికే నా పేరు తడుముకుంటుండె. మీరు అడిగితే చెప్దామని చూసిన."

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. మర్యాద కోసం మనవాళ్లని తక్కువ ప్రశ్నలు అడగడం కూడా నిర్లక్ష్యమేనని దాంతోనే తెలిసింది. ఇప్పుడు తెలుగువాళ్ల ఇంటికి ఫోన్ చేస్తే, పక్కన ఎవరుంటే వాళ్లని కూడా పిలిచి, మొదటి ప్రశ్న నుంచి చివరి దాకా అడుగుతాను. కొందరు నొచ్చుకుంటారు. నొచ్చుకోనీ, అడగడం మాత్రం మానను.