సత్తుగిన్నెలో సముద్రం

పొద్దున్నే మా అన్నయ్య సముద్రం ఒడ్డునున్న మా పుట్టింటి ఊరు భావనపాడు నుంచి తెచ్చిన డబ్బా మూత తీశాను. గుప్పున సముద్రం వాసన! గరివిడిలో, ఫ్యాక్టరీ క్వార్టర్ల మధ్య, ఇడ్లీలు ఉడుకుతున్న నా వంటింట్లో! చప్పున నూకమ్మత్త గుర్తొచ్చింది. పక్కన నిలబడి "ఏటే రాజీ, ఇంకా తెమల్లేదేటి?" అని కసిరినట్టే అనిపించింది. ఆవిడను చూడనివాళ్లకు ఆవిడ గురించి చెప్పాలంటే నాకు ఎక్కడలేని తొందర పుట్టుకొస్తుంది.

నూకమ్మత్త భావనపాడులో మా పక్కింటావిడ. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్మేది. నడుంనొప్పితో బాధపడుతున్న రోజుల్లో ఎవరో చెబితే టెక్కలిలో ప్రాణశక్తి చికిత్స క్లాసుకు వెళ్లింది. అరచేతులు రుద్దుకుని, మనిషిని తాకకుండా తల నుంచి కిందికి దించుతూ, లోపలి బరువును లాగి పక్కనున్న ఉప్పునీళ్ల గిన్నెలోకి విదిలించాలని అక్కడ నేర్పారట. ఉప్పు ఎంత కలపాలని అందరూ అడుగుతుంటే అత్త పకపకా నవ్విందట. "సముద్రం పక్కనెట్టుకుని ఉప్పు కలపడం ఏటండీ!" అప్పటి నుంచి ఆవిడ సత్తుగిన్నెలో ఎప్పుడూ సముద్రమే ఉండేది. సాయంత్రం గంప దించాక, ఎవరొచ్చినా అరుగు మీద కూర్చోబెట్టి ఆ చికిత్స చెయ్యడానికి చెయ్యి చాపేది. అయితే ముందు "డాక్టరిచ్చిన మాత్రలేసుకున్నావా?" అని అడిగేది. లేదంటే తిట్టి పంపేసేది. ఎవరైనా ఏదైనా ఇవ్వబోతే ఒంటికాలి మీద లేచేది. "సేపలమ్ముతాను గానీ సెయ్యమ్ముతానేటి? ఇది దేవుడి పని!"

మా అన్నయ్య అప్పన్న పడవ ఒకసారి అలల్లో తిరగబడింది. ఈదుకుంటూ ఒడ్డున పడ్డాడు. ఒంటికేమీ కాలేదు గానీ, ఆ తర్వాత సముద్రం వైపు ముఖం తిప్పలేకపోయాడు. అల చప్పుడు వింటే చెవులు మూసుకునేవాడు. డాక్టరు నిద్రకు మందిచ్చి, భయం మెల్లగా పోవాలన్నాడు. నాన్న పోయాక మా ఇల్లు నడిచేదే అన్నయ్య చేపల వేట మీద. వల అమ్మేస్తానని అన్నయ్య అన్నరోజు అమ్మ గొల్లుమంది. నేను పరుగెత్తుకెళ్లి నూకమ్మత్తను పిలుచుకొచ్చాను.

"సేస్తాన్రా. కానీ గిన్నెలో నీరు నువ్వే తేవాల" అంది అత్త.

"రాజీ తెస్తాది అత్తా" అన్నాడు అన్నయ్య, తల దించుకుని.

"దింపేది దాని బరువా, నీ బరువా?"

అన్నయ్య గిన్నె పట్టుకుని వెళ్లాడు. చిటికెలో వచ్చేశాడు. అత్త అందులో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. "ఒరే అప్పన్నా! బోరునీటిలో పేకట్టుప్పు కలిపి నాకే తెస్తావేటిరా? పుట్టినకాడ్నుంచీ సముద్రం తిన్న నాలికిది!" అమ్మ నవ్వింది, నేను నవ్వాను, ఆఖరికి అన్నయ్యా నవ్వాడు. పడవ తిరగబడ్డాక అన్నయ్య నవ్వగా చూడటం అదే మొదలు.

మర్నాడు నురగ దాకా వెళ్లి, గిన్నె ముంచి, వెనక్కి ఉరికొచ్చాడు. అత్త దేవుణ్ణి తలుచుకుంటూ చేతులు దించుతుంటే, బిగుసుకున్న అన్నయ్య భుజాలు వదులవడం నా కళ్లారా చూశాను. లేస్తూ లేస్తూ అత్త గిన్నెలోకి తొంగి చూసింది. "ఇసకొచ్చింది. రేపు కుసింత లోపలికెల్లి తే." ఆ మర్నాడు చీలమండల లోతు నుంచి తెచ్చాడు. అందులోనూ ఇసుకే అంది. మోకాళ్ల లోతు నుంచి తెచ్చినా అదే మాట! నడుంలోతుకు చేరిన రోజు పెద్ద అలొకటి ఛాతీ మీద విరిగింది. అన్నయ్య పారిపోలేదు. గిన్నె పైకెత్తి పట్టుకుని కేక పెట్టాడు. ఒడ్డున నేను అంతకంటే గట్టిగా అరిచాను.

"రేపు నడిసముద్రం నీరు కావాల. అందులో ఇసకుండదు" అంది అత్త.

"పడవెక్కాలి కదత్తా."

"మరి ఎగిరెల్తావేటిరా?"

అన్నయ్య తనతో వేటకెళ్లే జోడీవాళ్ల పడవెక్కిన ఆ ఉదయం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. పడవ ముక్కు అల మీదికి లేచింది, మాయమైంది, మళ్లీ కనబడింది. అమ్మ కళ్లు మూసుకుంది. అత్త మాత్రం రెండు చేతులూ సముద్రం వైపు చాపి, పడవ తిరిగొచ్చేదాకా దించలేదు. అన్నయ్య దిగి, సీసాలోని నీళ్లు గిన్నెలో పోశాడు. ఒక్క చుక్కా ఒలకలేదు. అత్త రుచి చూసింది. "ఇదిరా నీరంటే!" అంటూ కళ్లనీళ్లు పెట్టుకుంది.

నయం చేసింది ఆవిడ చెయ్యా, సముద్రమా అని ఉండబట్టలేక అడిగాను. "నా సెయ్యీ పంజేసింది, ఆడి కాళ్లూ పంజేసినాయి, డాక్టరు మందూ పంజేసింది. దేవుడికి లేని వాటాలు నీకెందుకే? సెయ్యి సాపు!" అంటూ నా అరచేతులు తన చేతుల మధ్య పెట్టి రుద్దింది. ఆ రోజే నాకూ నేర్పడం మొదలుపెట్టింది. ఎండుచేపల వాసన వేసే ఆ చేతుల వెచ్చదనం ఎంత బాగుండేదో!

అత్త ఇప్పుడు లేదు. ఆ సత్తుగిన్నె నా దగ్గరుంది. పెళ్లయి గరివిడి వచ్చాక నేనూ ఆదివారాలు అత్తలాగే నలుగురికి చికిత్సకు చెయ్యి చాపుతున్నాను. నా మొదటి ప్రశ్నా మాత్రల గురించే. అన్నయ్య వచ్చినప్పుడల్లా డబ్బాతో సముద్రం తెస్తాడు. ఈవేళా డబ్బా దించుతుంటే, "పేకట్టుప్పు కాదు కదా?" అని ఉడికించాను.

"నాకి సూడు" అన్నాడు నవ్వుతూ.

వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను. డబ్బా మొత్తం గిన్నెలోకి ఒంపి, అడుగుదాకా చూశాను. ఒక్క ఇసుక రేణువు లేదు.