రత్నరాజు అన్నయ్య ఫ్రేమ్ అమ్మాడు, ఫోటో అమ్మలేదు

నిన్న పొద్దున్న వదిన ఫోన్ చేసి, "మీ అన్నయ్య లెగట్లేదమ్మా" అంది.

నమ్మలేదు. అమలాపురంలో బస్సెక్కాక కూడా తన నంబర్‌కి ఫోన్ చేస్తూనే ఉన్నాను, తీస్తాడేమోనని.

తీయలేదు.

రత్నరాజు మా పెదనాన్నగారి అబ్బాయి. రాజోలులో ఫోటో స్టూడియో. మీలో సగం మంది పెళ్లిళ్లకు తనే ఫోటోలు తీశాడు. ఆ సగం మందితోనూ ఎప్పుడో ఒకప్పుడు గొడవ పడే ఉంటాడు.

గ్రూపుల్లో అందరూ గుండెపోటు అని పెడుతున్నారు. కాదు. ఫిట్స్‌తో పోయాడు. ఆ ఫిట్స్ ఎవరి వల్ల వచ్చాయో నాకు తెలుసు. వాళ్లకూ తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

అన్నయ్య మంచివాడే గానీ శాంతమూర్తి కాదు. పోయాడు కదా అని అబద్ధం చెప్పను.

కొత్తపేటలో ఒక పెళ్లి. అన్నయ్య భోజనానికి కూర్చున్నప్పుడు వేరే స్టూడియో అతను అన్నయ్య మెమరీ కార్డులో ఉన్నవన్నీ తన పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాడు. తన శాంపిల్ ఆల్బమ్‌లో పెట్టుకుందామని.

అన్నయ్య తింటున్న విస్తరి వదిలేసి వచ్చాడు. ఆ పెన్ డ్రైవ్ లాక్కుని, పీటల పక్కనున్న సన్నికల్లు మీద పెట్టి పొత్రంతో పొడి చేశాడు. తర్వాత అతని చెంప పగలగొట్టాడు. పంతులుగారు మంత్రం ఆపేశారు.

"డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోలు పెళ్లివారివండీ. నావే కావు. తమరివెలా అయ్యేయండీ?" అన్నాడు.

కొట్టిన తర్వాత కూడా అండీ అనేవాడు మా అన్నయ్య.

తనంతట తాను ఊళ్లు తిరిగి తీసిన ఫోటోల సంగతి వేరు. వాటి ప్రింట్లు అమ్మేవాడు. ఫైల్ మాత్రం ఎవరికీ ఇచ్చేవాడు కాదు. ప్రతి ప్రింట్ వెనకా స్కెచ్ పెన్‌తో రాసేవాడు. గోడకు పెట్టుకోవడానికి మాత్రమే, కాపీ తీయాలన్నా ప్రకటనకు వాడాలన్నా నన్ను అడగాలి అని.

నాగమణి గారి ఫోటో అలాంటిదే.

ఆవిడ ఆత్రేయపురంలో పూతరేకులు వేస్తారు. కుండ మీద లేచిన ఆవిరిలోంచి తలెత్తి నవ్వుతున్న ఫోటో. అడిగే తీశాడు. ఎవరింట్లోనో గోడ మీద ఉంటుందండీ, అంతకు మించి ఎక్కడా కనబడదు అని మాటిచ్చాడు.

దిండి దగ్గర ఒక రిసార్ట్ ఓనర్ ఆ ప్రింట్ కొని రిసెప్షన్‌లో పెట్టాడు. అక్కడితో ఆగి ఉంటే అన్నయ్య ఇవాళ బతికుండేవాడు.

ఫ్రేమ్‌లో ఉన్నదాన్ని సెల్‌తో ఫోటో కొట్టి, మసాజ్ సెంటర్ ప్రకటన చేసి, రోడ్డు మీద ఫ్లెక్సీ కట్టించాడు. ముఖం నాగమణి గారిది. కింద ఒళ్లు ఎవరిదో.

భర్త లేని మనిషి ఆవిడ. ఫ్లెక్సీ చూసొచ్చిన భర్త అన్నగారు ఆవిడ అరచేతిని కాలుతున్న కుండకేసి అదిమాడు. జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్చాడు. వీధంతా చూస్తూ నిలబడింది.

అన్నయ్యకి తెలిసింది. నాకు సెలవు కావడంతో నేనూ వెంట వెళ్లాను. ముందు మర్యాదగానే అడిగాడు.

"కొబ్బరికాయ కొన్నాక పీచు కూడా నాదేనయ్యా" అన్నాడు ఓనర్.

"కాయే కొన్నారండీ. చెట్టు నేను అమ్మలేదండీ. పైగా ఆ మొహం నాది కూడా కాదు, ఆవిడదండీ."

ఓనరూ అతని మనుషులూ నవ్వారు.

అన్నయ్య బయటికొచ్చి, పక్క తోటలో కొబ్బరి దింపు తీస్తున్న వాళ్ల దగ్గర కత్తి అడిగి తెచ్చుకున్నాడు. ఫ్లెక్సీ కర్రలెక్కి దాన్ని అడ్డంగా, నిలువుగా చీరేశాడు.

దిగేలోపే ఓనర్ మనుషులు పట్టుకున్నారు. పచ్చి కొబ్బరి మట్టలతో కొట్టారు. మట్ట విరిగితే ఇంకో మట్ట తీసుకున్నారు. నేను అడ్డం వెళితే జబ్బ పట్టి విసిరేశారు. అన్నయ్యని రేవులోకి ఈడ్చుకెళ్లి, కెమెరాని గోదాట్లో పారేశారు.

చివరికి ఓనరే అన్నయ్య తల రెండు చేతులతో పట్టుకుని రేవు మెట్టుకేసి కొట్టాడు. ఒకసారి కాదు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతోంది. నెత్తురు మెట్లమీదుగా నీళ్లలోకి కారింది.

తాగి పడ్డాడని పోలీస్ స్టేషన్‌లో రాయించారు. జీవితంలో చుక్క ముట్టని మనిషి. పెద్దమనుషులు రాజీ అన్నారు. అన్నయ్య ఒప్పుకోలేదు.

అప్పటి నుంచే ఫిట్స్. చేతులు వణికి కెమెరా కూడా పట్టుకోలేకపోయేవాడు.

ఇక ఈరోజు సంగతి వినండి.

పొద్దున్నే రాజోలు సెంటర్‌లో అన్నయ్యకి అశ్రునివాళి అని ఫ్లెక్సీ వెలిసింది. కట్టించింది ఆ ఓనరే. అన్నయ్య కంటే పెద్దగా తన బొమ్మ, రెండు చేతులూ జోడించి.

అందులో అన్నయ్య ఫోటో నేను తీసింది. మా పాప పుట్టినరోజున మేడ మీద తీశాను. ఇదే ఫేస్‌బుక్‌లోంచి లేపేశారు. నన్ను ఎవరూ అడగలేదు.

భూస్థాపన అవగానే నేరుగా అక్కడికి వెళ్లాను. నాగమణి గారూ నాతో వచ్చారు. ఫ్లెక్సీ దగ్గర ఓనర్ మనిషి ఒకడు కాపలా ఉన్నాడు.

"ఈ ఫోటో నాదండీ. అడక్కుండా వాడేరు. తీసెయ్యండి" అన్నాను.

"ఆయ్, గౌరవం కొద్దీ కట్టించేరు కదండీ. పోనిద్దురూ" అన్నాడు.

నేను వాదిస్తూ ఉండగానే నాగమణి గారు పక్క పూలకొట్లో కత్తెర, స్టూలు అడిగి తెచ్చారు. ఎక్కి, అన్నయ్య ముఖం చుట్టూ కత్తిరించడం మొదలుపెట్టారు. చెవి తెగకుండా, జుట్టు తెగకుండా. అతను ఆవిడ కొంగు పట్టి లాగాడు. ఆవిడ వెనక్కి తిరిగి కత్తెర మొన అతని చేతిలో దించారు. కొంగు వదిలేశాడు.

మళ్లీ అటు తిరిగి మిగిలింది కత్తిరించారు. చుట్ట చుట్టి నా చేతికిచ్చారు.

ఇప్పుడు సెంటర్‌లో ఓనర్ ఒక్కడే ఉన్నాడు, ఒక కంతకి దణ్ణం పెడుతూ. వెళ్లి చూడండి.

కేసు పెట్టుకుంటే పెట్టుకోండి. నా మీద కూడా పెట్టండి. మట్టలతో వస్తానంటే రండి.

ఈ పోస్ట్‌లో ఉన్న ఫోటో కూడా నాదే. చూసి ఏడవండి. డౌన్‌లోడ్ చేసి ఎక్కడా వేయకండి.

వెళ్లు అన్నయ్యా. ఇక నీ తల మీద ఎవడి చెయ్యీ పడదు. ప్రభువు ఒళ్లో నొప్పి లేకుండా పడుకో.